బత్తాయి ఒలిచేంతసేపు

సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ళలోంచి బత్తాయి తొక్క వాసన పోలేదు. పొద్దున కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని ఒక కాయ ఒలిచాను. తినాలనిపించి కాదు. ఆ పని నాకు నేర్పింది డాక్టర్ రాజ్యలక్ష్మి గారు. కొత్తపేటలో, పళ్ళ మార్కెట్ ఇంకా అక్కడే ఉన్న రోజుల్లో, ఆవిడ బల్ల మీద మందుల పుస్తకం పక్కన ఎప్పుడూ నాలుగైదు బత్తాయిలు ఉండేవి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. నేను నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వారంలో సగం రోజులు బంద్‌లే. కాలేజీ లేదు, బస్సుల్లేవు, మెస్‌లో పప్పు తప్ప కూర లేదు. మహేశ్‌తో నా ప్రేమ మాత్రం బంద్ లేకుండా నడిచేది. అతను మా కాలేజీవాడే, ఉద్యమంలో ముందుండేవాడు. మాట్లాడితే వినబుద్ధయ్యేది. ఆ మధ్య అతని మాటలన్నీ ఒక్కచోటికే వచ్చి ఆగుతున్నాయి. స్నేహితుడి గది ఖాళీగా ఉందట, ప్రేమ ఉంటే నేను ఒప్పుకోవాలట. కాదంటే అతను దూరమైపోతాడని నా గుండెల్లో గుబులు.

మా హాస్టల్‌లో ఒక ఏర్పాటు ఉండేది. తలుపు వెనక మేకుకి గిల్టు నల్లపూసలు వేలాడుతుండేవి. ఫుట్‌పాత్ మీద కొన్నవి. నెలసరి తప్పినా, కడుపులో నొప్పి వచ్చినా, లేడీ డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్తే వాళ్ళు మెడలో వేసుకునేవాళ్ళు. ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న పెళ్ళయిందా అనే కదా. నేనూ అవే వేసుకుని, గర్భం రాకుండా మాత్రలు రాయించుకుందామని, నా రూమ్మేట్ జ్యోతిని తోడు తీసుకుని కొత్తపేట దాకా నడిచి వెళ్ళాను.

రాజ్యలక్ష్మి గారిది తెనాలి వైపు. మెత్తని మనిషేం కాదు. నన్ను చూడగానే, "ఇవి మళ్ళీ వచ్చాయా? పోయినవారం ఇంకో పిల్ల మెడలో చూశాను. తీసి బల్ల మీద పెట్టు, మెడ ఎర్రగా కందిపోయింది" అన్నారు. నా ప్రాణం పోయినంత పనైంది. జ్యోతి కిసుక్కున నవ్వింది. "నువ్వు బయట కూర్చోమ్మా. తల్లొచ్చినా, మొగుడొచ్చినా ఇక్కడింతే" అని దాన్ని పంపేశారు.

"గోలీలు కావాలె మేడమ్" అన్నాను.

"చెప్తాను, అన్నీ చెప్తాను. ముందు నీకిష్టమేనా?"

అడిగి, ఒక బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టారు. నా వైపు చూడలేదు.

"ఆయన బాగ పరేషాన్ చేస్తుండు మేడమ్. ఒప్పుకోవాలె అంటుండు."

"అతని సంగతి నేనడగలేదమ్మా."

తొక్క మెల్లగా ఊడి వస్తోంది. ఆ ప్రశ్న అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. కాయ సగం ఒలిచేసరికి నా నోట్లోంచి మాట వచ్చింది.

"నాకు భయమైతుంది. ఇప్పుడొద్దు అనిపిస్తుంది."

"అయితే ఆ మాటే అతనికి చెప్పు. నువ్వు ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. ఒకసారి సరేనన్నా తర్వాత వద్దనొచ్చు, మధ్యలో కూడా వద్దనొచ్చు. విననివాడితో ఒంటరిగా ఆ గదికి పోవద్దు."

అక్కడితో పంపేస్తారనుకున్నాను. పంపలేదు. బత్తాయి తొనలు నా చేతిలో పెట్టి, నిరోధ్ గురించి, అది గర్భాన్నే కాక జబ్బుల్ని కూడా ఆపుతుందని చెప్పారు. రోజూ వేసుకునే మాత్ర, కాపర్ టీ, ఏది ఎవరికి పడదో చెప్పారు. జరగరానిది జరిగితే వేసుకునే మాత్ర ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదని, దాన్నే అలవాటు చేసుకోకూడదని చెప్పారు. "నీకిష్టమైన రోజు వస్తుంది. ఆ రోజు తెలియక తిప్పలు పడకూడదు" అన్నారు. కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా చెప్పారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నా. ముఖాన గులాబీ రంగుతో మహేశ్ పక్కకొచ్చి, "రేపు గూడ బందే. రూం ఖాళీగుంది" అన్నాడు.

"నాకిష్టం లేదు."

"అంటే నా మీద నమ్మకం లేదా?"

"పొద్దుగాల్నుంచి ఏమని మొత్తుకుంటున్నవ్? మా సంగతి మమ్మల్ని అడగకుంట ఎట్ల తీర్మానిస్తరు అని గాదా? నేను గూడ గదే అంటున్న."

అతని ముఖం మాడిపోయింది. మళ్ళీ నా దగ్గరికి రాలేదు. చాలా రోజులు ఏడ్చాను, అయినా ఆ మాట అన్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

కొన్నేళ్ళకి, పెళ్ళి కుదిరాక, కాబోయే భర్తను వెంటబెట్టుకుని ఆ మెట్లే ఎక్కాను. రాజ్యలక్ష్మి గారు అతన్ని బయట కూర్చోబెట్టారు. "నీకిష్టమేనా?" అని అడిగి బత్తాయి అందుకున్నారు. గోరు ఇంకా దిగనే లేదు, "ఇష్టమే మేడమ్" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, ఆ కాయ అలాగే నా ఒళ్ళో వేశారు. అంత నవ్వు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ పొద్దున ఒక అమ్మాయి స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. "మేడమ్, మా వాడు అడుగుతుండు..." అని ఆగిపోయింది. స్నేహితురాలిని బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి అడిగాను.

"అతని సంగతి తర్వాత. నీకిష్టమేనా?"

ఆ పిల్ల తల వంచుకుంది. నేను సంచిలోంచి బత్తాయి తీసి, మెల్లగా ఒలవడం మొదలుపెట్టాను.