ఎత్తు గోడ

ధర్మవరంలో మా మిద్దె ముందుగోడ వీధిలో అన్నిటికన్నా ఎత్తు. మిద్దె కప్పును దాటి పైకి లేచేలా తాత కట్టించినది. పొలాలు పోయి, మేము వెనక గదుల్లోకి సర్దుకుని, ముందు గది ఒక నేత కుటుంబానికి బాడుగకిచ్చినా, ఆ గోడ చూసుకునే నేను నిటారుగా నడిచేవాణ్ణి.

ఒక ఉదయం భూమి అదిరింది. గిన్నెలు మోగాయి, అంతే. కానీ ముందుగోడ, పక్కగోడ కలిసే మూలలో చెయ్యి దూరేంత బీట విచ్చుకుంది.

నేతగాడు కాళ్ళు దించుకోవడానికి మగ్గం కింద తవ్విన గుంత పక్కగోడ వారనే ఉంది. నాకు అదే కారణమని తోచింది.

"నీ గుంతతోనే గోడ కదిలినాది. పూడ్చేసి ఖాళీ చేయప్పా" అన్నాను.

"పెండ్లి చీర సగంలో ఉండాది సామీ. ఇప్పుడు మగ్గం విప్పితే పడుగంతా పాడైపోతాది. యాడికి పోయేది?"

అతని భార్య ఊరుకోలేదు. "భూమి అదిరితే మా గుంతదా తప్పు? రేపు రైలు పోయి గోడ అదిరినా మా మీదే వేస్తారు!"

నా మాటే నిజమని చెప్పించాలని హిందూపురం నుంచి ఒక ఇంజనీరమ్మను పిలిపించాను. ఆమె గుంతలోకి దిగి పునాది రాళ్ళు తడిమింది. ఒక్కటీ కదల్లేదు. తర్వాత నిచ్చెన ఎక్కి బీటలో చాకుతో గీకింది. నేతగాడే నిచ్చెన పట్టుకున్నాడు.

"లోపల పొరలు పొరలుగా సున్నం ఉండాది సార్. ఇది పాత బీట. అదురుకు పెద్దదయింది. రెండు గోడల్నీ కలిపి పట్టే పొడుగు రాయి ఒక్కటీ పెట్టలేదు. పాత ఇంటి ముందర ఎత్తు గోడ ఊరికే ఆనించి కట్టినారు. మళ్ళా అదిరితే పైభాగం వీధిలో పడతాది."

ఆ పొరలు నేను ఎరగనివి కావు. ఏటా పండగ ముందు ఆ సందులో సున్నం కూరించింది నేనే. ఆ మాట ఆమెకు చెప్పాను. నేతగాడు విన్నాడు. తలెత్తి నా వైపు చూడలేదు. అందుకు ఇప్పటికీ అతని మీద గౌరవం.

"చీర నేసుకో అప్పా. గుంత ఉండనీ. గోడే దించుతా" అన్నాను.

మేస్త్రీలు పై వరసలు తీసేసి, మూలలో పొడుగు రాళ్ళు పెట్టి కట్టారు. మర్నాడు నేతగాడి భార్య నన్ను పిలిచి మగ్గం పైన మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షం చూపించింది. పొద్దుటి ఎండ నేరుగా చీర అంచు మీద పడుతోంది.

"ఇన్నేండ్లూ మీ గోడే అడ్డముండె సామీ" అంది.