మా బావ సగం మోకాలు

మా అక్క మొగుడు టైల్స్ మేస్త్రీ. ఆయన పరిచిన నేల మీద ఆవగింజ పెడితే దొర్లదట. ఈ మాట ఆవగింజ చెప్పలేదు, ఆయనే చెప్పుకున్నాడు. మోకాలి కింద ఏదైనా మెత్తగా వేసుకోమంటే, "నేల మట్టం నా మోకాలికి తెలుస్తుందిరా, మధ్యలో అడ్డం ఎందుకు?" అనేవాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేవాళ్లను చూశాను గానీ, రసమట్టానికీ మోకాలికీ ముడిపెట్టిన మొనగాణ్ణి ఈయన్నే చూశాను.

కొన్నేళ్ల కిందట ఆ మోకాలిలో గుజ్జు చిరిగింది. డాక్టర్లు చిన్న కన్నాలు పెట్టి, చిరిగిన ముక్క తీసేసి, కొన్నాళ్లు దాని మీద బరువు వేయొద్దన్నారు. కుట్లు విప్పిన మర్నాడే ఈయన ఓ పెద్ద హాలు పరచడానికి వెళ్లాడు. ఇదేం పని బావా అంటే, "తీసేసింది గుజ్జునేగా, పనితనాన్ని కాదుగా!" అన్నాడు. కూలీలు నవ్వేసరికి ఉబ్బిపోయి, పక్క గది కూడా పరిచి వచ్చాడు.

ఇక అరుగుదల మొదలైంది. ఆయన మెట్లెక్కుతుంటే ఎముకకి ఎముక రాసుకునే చప్పుడు విని, పక్కింటావిడ మేం పిండిమర పెట్టామనుకుని గోధుమలు పట్టుకొచ్చింది. నేను కళ్లారా చూశాను. నేల మీద కూర్చోలేకపోతే మేస్త్రీ పనికి అక్కడితో సరి. ఆ భయమే ఆయన్ని ఆసుపత్రికి ఈడ్చుకొచ్చింది. కానీ భయపడ్డట్టు కనబడితే పరువు పోదూ!

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. "అరిగింది లోపలి వైపే. బయటి వైపు బాగానే ఉంది. అరిగిన సగమే మారుద్దాం."

"అతుకు పనా? నా దగ్గరా?" అన్నాడు బావ. "ఒక్క పలక పగిలినా గది మొత్తం తవ్వి మళ్లీ పరవాల్సిందే మేడమ్. మోకాలు మొత్తం మార్చేయండి."

అది పని పెంచుకోవడానికి ఇంటింటా చెప్పే అబద్ధం. చెప్పి చెప్పి చివరికి తనే నమ్మేశాడు!

"మొత్తం మారిస్తే మోకాళ్ల మీద కూర్చోవడం ఇంకా కష్టం. ఆలస్యం చేస్తే బాగున్న సగం కూడా పోతుంది," అందావిడ.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆలోచించుకుంటానని బయటికి వచ్చాడు. వరండాలో అక్క అందుకుంది. "ఏవండీ, పన్ను పుచ్చితే దవడ పీకించుకుంటారా?"

"నీకేం తెలుసే పునాదుల సంగతి?"

"పునాది మీరెప్పుడు తవ్వారు? మీదంతా పైపై పనేగా!"

దాంతో బావ ముఖం మాడింది. "ఒరేయ్, సంతకం ఎక్కడ పెట్టాలో కనుక్కో," అన్నాడు నాతో.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరమ్మకి మట్టం చూడటం తనే నేర్పానని ఊరంతా చెప్పాడు. ఆపరేషన్ జరిగినంతసేపూ ఈయన మత్తులో గురక పెడుతున్నాడు.

కొన్ని నెలలయ్యాక, మెత్త వేసుకుని కాసేపు మోకాళ్ల మీద కూర్చోవచ్చంది డాక్టరమ్మ. వెంటనే ఓ చిన్న స్నానాలగది పని ఒప్పుకున్నాడు. చూద్దామని వెళ్లాను. కొత్త మోకాలి కింద దిండు, దిండు మీద దుప్పటి మడత. పట్టాభిషేకం చేసినట్టు కూర్చోబెట్టాడు దాన్ని. ఒంటి బరువంతా రెండో మోకాలి మీద, అదేమో ఉత్త సిమెంటు మీద.

"బావా, దాని కింద ఏమీ వేయలేదే?"

"దీనికేం రోగంరా? ఇది అసలుది!" అంటూ పలకని సుత్తితో తట్టాడు.