తువ్వాల కింద బేరం

గద్వాలలో రేణుకమ్మ నోటికి జడవని మనిషి లేడు. ఒకసారి చీరకని వీధిలో పడుగు దారాలు సాగదీసుకుంటుంటే, కామెడీ వీడియోలు తీసే మల్లికార్జున్ బైకు తెచ్చి అడ్డంగా పెట్టాడు. ఆవిడ అందుకుంది చూడండి, అతని ఏడు తరాలనూ ఉతికి ఆరేసింది! కెమెరా ఆన్‌లోనే ఉంది. ఆ తిట్లు ఊరూరా ఫోన్లలో మోగాయి. చీరలు నేసే మనిషి అలా అతని వీడియోల్లో యాక్టరైపోయింది. వనపర్తిలో పెళ్లికి వెళ్లినా, నాగర్‌కర్నూల్‌లో బస్సు దిగినా జనం చుట్టేసి, "అక్కా, మమ్ముల జర తిట్టరాదే!" అని బతిమాలేవారు.

ఈ మధ్య గొంతులో గడ్డకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. గుసగుస తప్ప ఏమీ పలకదు. తిట్టని రేణుకమ్మను ఎవరు చూస్తారు? పాపం, బెంగతో ఇల్లు కదలడం మానేసింది.

మల్లికార్జున్ ఊరుకునే రకమా? వందేళ్ల కిందటి జర్మనీ మూకీ కామెడీ ఒకటి ఫోన్‌లో పట్టుకొచ్చాడు. అందులో ఒకావిడ కళ్లు తిప్పుతూ, మూతి విరుస్తూ మొగుణ్ణి దులిపేస్తోంది.

"గీమె మాట ఒక్కటన్న ఇనవడ్తుందా అక్కా? మరి నువ్వెందుకు నవ్వుతున్నవ్?"

రేణుకమ్మ నిజంగానే నవ్వుతోంది.

ఇంకేముంది, పెబ్బేరు సంతలో షూటింగ్ పెట్టేశారు. అక్కడ పశువుల బేరం నోటితో ఆడరు. తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. ఎద్దును అమ్మే ఇల్లాలు రేణుకమ్మ, కొనేవాడు సంతలోని అసలు దళారి హైదర్. చుట్టూ జనం మూగారు. వీళ్లు నవ్వకపోతే తన పని అయిపోయినట్టేనని ఆమెకు తెలుసు. అయినా చేయి తువ్వాల కిందికి పెట్టింది.

హైదర్ వేళ్లు నొక్కాడు. ధర మరీ అన్యాయం! రేణుకమ్మ కనుబొమ్మలు లేచాయి, ముక్కుపుటాలు అదిరాయి. అతన్ని తలపాగా నుంచి చెప్పులదాకా ఒక్క చూపుతో కొలిచి, 'విన్నావా వీడి మాట?' అన్నట్టు ఎద్దు వైపు మూతి తిప్పింది. ఎద్దు కూడా తల ఆడించిందండీ! జనం గొల్లున నవ్వారు. హైదర్ యాక్టింగ్ మరిచిపోయి ఒకడుగు వెనక్కి వేశాడు.

ఇంతలో గుంపును తోసుకుంటూ అయిజ ఊరి రైతు అనంతయ్య వచ్చాడు. ఇది షూటింగని అతనికి తెలియదు.

"జర నోరు సంబాలించుకో తల్లీ! ధర తక్కువ జెప్తే గన్ని మాటలంటరా? గాయన గూడ పెండ్లాంపిల్లలున్నోడే!"

రేణుకమ్మ నిలువునా పొంగిపోయింది. ఇన్నాళ్లకు మళ్లీ తన తిట్టు ఒకరి చెవిన పడింది! కెమెరా ఆపొద్దని మల్లికార్జున్‌కు సైగ చేసి, నడుముకు కొంగు బిగించి, మెల్లగా అనంతయ్య వైపు తిరిగింది.