వీసా ఫారంలో మా నానమ్మ

మా ఇంట్లో ఎవరైనా ఊరెళ్ళాలంటే ముందు కావలసింది పెట్టె కాదు, ఫారం. నాన్న బిలాస్‌పూర్ రైల్వే డివిజన్ ఆఫీసులో పాసుల గుమాస్తా. ఉద్యోగులూ వాళ్ళ ఇంటివాళ్ళూ టిక్కెట్టు లేకుండా బండెక్కడానికి ఇచ్చే పాసులు ఆయన చేతి మీదుగా వెళ్ళేవి. తను రాసిన ఫారం ఇరవయ్యారేళ్ళలో ఒక్కటీ వెనక్కి రాలేదని ఆయన చెప్పేవారు. మేం అడక్కపోయినా చెప్పేవారు.

తొంభైల మొదట్లో, మా బిలాస్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న రోజుల్లో, ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం నాకు సీటిచ్చింది. వరి తెగుళ్ళ మీద చదువు. ఖర్చు వాళ్ళదే. ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా ఊరి పక్కనున్న మస్తూరీ వైపు పొలాలకి వెళ్ళి, మచ్చలు పడ్డ వరి ఆకులు ఏరుకొచ్చి పుస్తకాల్లో నొక్కి పెట్టేదాన్ని. ఇంట్లో ఏ పుస్తకం తెరిచినా ఒక జబ్బు ఆకు రాలేది. అమ్మ రెండుసార్లు ఊడ్చి పారేసింది. ఆ ఆకులకి ఇంగ్లండులో అంత గౌరవం ఉందని తెలిశాక, మూడోసారి ఊడ్చే ముందు అనుమతి అడిగింది.

సీటు ఉత్తరం వచ్చిన రోజు అమ్మ ఏడ్చింది. నానమ్మ వచ్చి ఎందుకేడుస్తున్నావని అడిగింది. కారణం విని, తనూ పక్కన చతికిలబడి ఏడ్చింది. నాన్న కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టేసరికి ఇది రైల్వే కాలనీ అంతా పాకేలా ఉందని భయమేసింది.

"సీటే వచ్చింది. బండి ఇంకా సిగ్నల్ బయటే ఉంది" అన్నాను.

నిజంగానే ఉంది. వీసా కావాలి. తరగతులు మొదలయ్యే రోజుకి చేరకపోతే సీటు వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తామని ఉత్తరం అడుగున చాలా మర్యాదగా రాశారు. ఆ రోజుకి నెల కూడా లేదు. ఒక్కసారి ఫారం తిప్పి పంపితే చాలు, నా ఇంగ్లండు మస్తూరీ దగ్గరే ఆగిపోతుంది.

పక్క క్వార్టరులో గార్డు మావయ్య ఉండేవాడు. ఆయన గూడ్సు బళ్ళకి గార్డు, మా ఇంటికి సలహాదారు. డ్యూటీ దిగి, చేతిలో పెట్టెతోనే మా వాకిట్లోకి వచ్చాడు.

"ఒలే గుంటా, ఆఫీసరు ముందర నీ ఎటకారాలు ఆడకు. అడిగిందానికే జవాబు సెప్పు. అచ్ఛా? నవ్వకూడదు."

"ఏడవచ్చా మావయ్యా?"

"అదుగో! అదే వద్దంటన్నాను" అని అమ్మ వైపు తిరిగాడు. "సూసీసారా వదినా? దీని నోటితోనే పోతాది ఈసా."

అమ్మకి అది వేదవాక్కు. నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుని, ఆ గదిలో ఒక్క జోకు కూడా వెయ్యనని ఒట్టు వేయించుకుంది.

ఇక ఫారం నింపే పని. అది నాన్న చేతికి కాక ఇంకెవరి చేతికి వెళ్తుంది? మూడు సాయంత్రాలు పట్టింది. రేడియో కట్టేయించారు. స్కేలు కింద పెట్టి, ఒక్కో అక్షరాన్నీ పట్టాల మీద బోగీ నిలబెట్టినట్టు నిలబెట్టారు. మూడో సాయంత్రం నేను చపాతీ పిండి కలుపుతుంటే వచ్చి, చివరి పేజీ నా ముందు పట్టారు.

"సంతకం పెట్టీ."

"ఒకసారి చదవనీ నాన్నా."

ఆయన నన్ను అలా చూశారు. ఇంజను ముందు నిలబడి, నీకు నడవడం వచ్చా అని అడిగినట్టయింది.

"నేను రాసింది నువ్వు సరిచూస్తావేటే?"

పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టాను.

ఢిల్లీకి నాన్న, నేను పాసు మీద బయలుదేరాం. కాయితాల ఫైలు ఎర్ర నాడాతో కట్టి, దారంతా ఆయన తలకింద పెట్టుకున్నారు. నేను ముట్టుకోవడానికి లేదు. వీసా ఆఫీసులో గేటు లోపలికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళనే పంపించారు. అక్కడ ఆ ఫైలుని నా చేతికిచ్చేటప్పుడు ఆయన మొహం చూస్తే, ఆయన పెంచి పెద్దచేసింది దాన్నే అనిపించింది.

లోపల ఆఫీసరు ఒక తెల్లావిడ. వయసు మా అమ్మకంటే కొంచెం ఎక్కువ. నెరిసిన జుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. ముందు చదువు సంగతులు అడిగింది.

"మా దేశంలో వరి పండదు కదా. వరి తెగుళ్ళు చదవడానికి అక్కడిదాకా ఎందుకు?"

నోటిదాకా వచ్చిన రెండు జవాబుల్ని అమ్మ నెత్తి మీద ఒట్టు కోసం మింగేశాను. మూడోది పనికొచ్చేది. "వరి మా దగ్గరుంది, దాని జబ్బుని చూపించే పరికరాలు మీ దగ్గరున్నాయి. చూడటం నేర్చుకుని మళ్ళీ వరి దగ్గరికే రావాలి."

ఆవిడ తల ఊపింది. అంతా సాఫీగా సాగిపోతోందనుకున్నాను. అప్పుడు ఆవిడ పేజీ తిప్పింది.

"మీతో పాటు ఎవరు వస్తున్నారు?"

"ఎవరూ రావడం లేదు."

ఆవిడ ఫారాన్ని నా వైపు తిప్పింది. వెంట వచ్చేవాళ్ళ పేర్లు రాయాల్సిన చోట, నాన్న ముత్యాల్లాంటి అక్షరాల్లో మూడు పేర్లు. మొదటిది నాన్నది. రెండోది అమ్మది. మూడోది మా నానమ్మది, వయసు డెబ్బయ్యెనిమిది. ఎదురుగా బంధుత్వం రాసే గడులు. పాసు ఫారంలో బంధుత్వాలన్నీ ఉద్యోగి వైపు నుంచి రాస్తారు. నాన్న చెయ్యి ఇరవయ్యారేళ్ళ అలవాటు మీద పరిగెత్తింది. తన పేరు ఎదురుగా 'స్వయం', అమ్మ ఎదురుగా 'భార్య', నానమ్మ ఎదురుగా 'తల్లి' అని రాసేసింది. ఆ లెక్కన ఇరవై రెండేళ్ళ అమ్మాయినైన నాకు ఒక భార్య ఉంది, ఆవిడ మా అమ్మ. ఇంగ్లండుకి నలుగురం కాపురానికి వెళ్తున్నాం. అడుగున ఒక చిన్న గమనిక కూడా ఉంది: సహాయకుణ్ణి తీసుకెళ్ళే అర్హత లేదు. ఆ హోదా పెద్ద ఆఫీసర్లకే ఉంటుంది. నాన్న నిజాయితీగా వదులుకున్నారు.

"కుటుంబమంతా తరలివస్తోందని ఇందులో ఉంది. మీరేమో ఎవరూ రావడం లేదంటున్నారు. రెండింట్లో ఒకటి అబద్ధం. ఇలాంటి దరఖాస్తుని నేను ఒప్పుకోలేను" అంది ఆవిడ. కోపంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కొత్త ఫారం, కొత్త తారీఖు అంటే సీటు పోయినట్టే. జీవితంలో మొదటిసారి, ఎవరైనా ఒక జోకు వేస్తే బాగుండనిపించింది.

జోకు రాలేదు కాబట్టి నిజం చెప్పాను. మా నాన్న పాసులు రాసే గుమాస్తా అని చెప్పాను. మా కాలనీలో పాసు రాయించుకునేటప్పుడు, వెళ్ళేది ఒక్కరే అయినా, అర్హత ఉన్న ఇంటివాళ్ళందరి పేర్లూ రాయిస్తారని చెప్పాను. వెళ్ళేవాళ్ళు వెళ్తారు, మిగతావాళ్ళు ఇంట్లో ఉంటారు. పేరు వదిలేశాక తీరా బయలుదేరే రోజున నానమ్మకి కూడా రావాలనిపిస్తే ఆమె బండెక్కలేదు. అందుకని పేరు వదిలేయడమనేది మా దగ్గర ఎవరూ చెయ్యని పని. అది కొంచెం అమర్యాద కూడా.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూసింది. "అలాంటి కాయితం ఒకటి ఉందనడానికి ఆధారం?"

"గేటు బయట మా నాన్న చొక్కా జేబులో ఉంది."

ఆవిడ ఒక మనిషిని బయటికి పంపించింది. ఎండలో నిలబడి నిలబడి ఎర్రబడ్డ మొహంతో నాన్న లోపలికి వచ్చారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి పెట్టినట్టు ఒక సెల్యూట్ పెట్టారు. ఫారం బాగుందని మెచ్చుకోవడానికి పిలిచారనుకున్నారో ఏమో, మొహంలో వినయం మరీ ఎక్కువగా ఉంది.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే మేడమ్. కొట్టివేత ఒక్కటి కూడా లేదు."

"మీ తల్లిగారి పేరు ఇందులో ఎందుకుంది?"

"ఆమెకి అర్హత ఉంది మేడమ్."

"ఆమె ఇంగ్లండుకి వస్తున్నారా?"

"రారు మేడమ్. మోకాళ్ళ నొప్పులు."

"రానప్పుడు పేరెందుకు రాశారు?"

నాన్న ఆవిడ వైపు జాలిగా చూశారు. "ఈలోగా మోకాళ్ళు నయమైతే?"

నేను బల్ల కింద చెయ్యి గిల్లుకున్నాను. నాన్న జేబులోంచి పాసు తీసి రెండు చేతులతో అందించారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చదివింది. స్వయం, భార్య, తల్లి, కూతురు. అవే పేర్లు, అవే అక్షరాలు.

"ఇందులో నలుగురున్నారు. ఢిల్లీకి వచ్చింది ఇద్దరే. మిగతా ఇద్దరూ ఎక్కడ?"

"ఇంట్లో ఉన్నారు మేడమ్. ఇది కుళాయి వచ్చే టైము."

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. పైకప్పు వైపు చూసింది. భుజాలు కదులుతున్నాయి. మనిషి ఇబ్బందిలో ఉందనుకుని నాన్న మంచినీళ్ళ కోసం చుట్టూ చూశారు. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు వచ్చేలా. ఒక్క జోకు కూడా వెయ్యకుండా నేను నవ్వించిన మొదటి మనిషి ఆవిడే.

మూడు పేర్లూ నన్నే కొట్టేసి, పక్కన సంతకం పెట్టమంది. "పొడి సంతకం చాలదు మేడమ్, తారీఖు కూడా ఉండాలి" అన్నారు నాన్న. ఆవిడ బుద్ధిగా ఒప్పుకుంది. తన పేరూ అమ్మ పేరూ నన్ను చకచకా కొట్టెయ్యనిచ్చిన నాన్న, మూడో పేరు దగ్గర నా మోచెయ్యి పట్టుకుని తెలుగులో గొణిగారు: "నానమ్మకి సెప్పకే."

నాలుగింటికి వచ్చి పాస్‌పోర్టు తీసుకోమన్నారు. బయట చెట్టు నీడలో కూచున్నాం. అప్పుడు గాని నాన్నకి సంగతి పూర్తిగా అర్థం కాలేదు. ఆయన మోకాళ్ళ మీద ఖాళీ ఫైలు, నాడా కట్టకుండా.

"ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒక్కటీ వెనక్కి రాలేదు. వచ్చింది వచ్చింది, నీదే రావాలా?"

"ఎక్కడ వచ్చింది నాన్నా? అక్కడికక్కడే దిద్దేసి ఉంచుకున్నారు. మన చేతికి తిరిగిచ్చారా?"

ఆయన ఆలోచించారు. రూలు పుస్తకం తిరగేస్తున్నట్టు పెదాలు కదిలాయి.

"అచ్ఛా... అవును గదా. వెనక్కి రాలేదు."

వెన్ను నిటారయింది. నాలుగింటికి వీసా ముద్ర పడ్డ పాస్‌పోర్టు నా చేతికొచ్చింది. నాన్న ఆ ముద్రని రెండుసార్లు చదివారు, ఎక్కడా తప్పు దొరకలేదు. ఆ తర్వాతే ఆయనకి ఆకలేసింది. రొట్టెలమ్మేవాడికీ బస్సు కండక్టరుకీ మా అమ్మాయికి వీసా వచ్చిందని చెప్పారు. రైల్లో మా పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ చెప్పారు. పక్క పెట్టెలోంచి కూడా ఇద్దరు చూడటానికి వచ్చారు. నన్నో, పాస్‌పోర్టునో తెలీదు.

పూరీ వెళ్తున్న ఒక పెద్దాయన మర్నాడు సంచిలోంచి పాస్‌పోర్టు దరఖాస్తు ఫారం తీసి, ఇది కాస్త నింపిపెడతారా అని అడిగాడు. నాన్న మొహం వెలిగింది. కదిలే బండిలో అక్షరాలు వంకర పోతాయని, బండి ఆగినప్పుడే రాశారు. పేరు షహడోల్‌లో రాశారు, తండ్రి పేరు అనూప్‌పూర్‌లో, చిరునామా సగం పెండ్రా రోడ్డు స్టేషన్లో. కొండల మధ్య సిగ్నల్ దగ్గర బండి నిలిచిపోతే అందరూ తిట్టుకున్నారు, నాన్న మాత్రం ఆ డ్రైవరుని దీవించారు. ఈసారి ప్రతి గడినీ నాకు చదివి వినిపించాకే రాశారు.

బిలాస్‌పూర్‌లో బండి ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద అమ్మ, నానమ్మ, గార్డు మావయ్య. వీసా సంగతి మేం ఏ కబురూ పంపలేదు. అమ్మ కిటికీల వెంట పరిగెత్తుతూ వచ్చి మా కిటికీ దగ్గర ఠక్కున ఆగిపోయింది. లోపల నాన్న తల వంచుకుని ఒక ఫారం నింపుతున్నారు. ఏ తల్లికైనా అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"అయిపోనాది. మళ్ళీ రాస్తన్నారు" అని అమ్మ అక్కడే కూలబడింది. నానమ్మ ఈసారి కారణం అడక్కుండానే మొదలుపెట్టింది. "నాను ముందే సెప్పాను, దీని నోరు..." అంటున్నాడు మావయ్య.

ఆ పరిస్థితిలో కొంచెంసేపు ఆడించవచ్చు. ఆడించాలనే దిగాను. కానీ అమ్మ మొహం చూసేసరికి, ఎలా బయటికొచ్చిందో, "వచ్చిందమ్మా!" అని అరిచేశాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏటి?"

"వీసా! వచ్చేసింది!"

"మరి ఆ ఫారమేటి?"

"అది ఎవరిదో!"

అమ్మ నా వీపు మీద ఒకటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. నానమ్మ ఏడుపు ఆపకుండానే నవ్వు మొదలుపెట్టింది. గార్డు మావయ్య తన విజిలు తీసి, డ్యూటీలో లేకపోయినా, ఒకసారి ఊదాడు. ఆ విజిలు తనకే అనుకుందేమో, బండి కదిలింది. నాన్న ఆఖరి నిమిషంలో గెంతి దిగి, ఖాళీ చేతిని చూసుకున్నారు. పెన్ను లోపలే ఉండిపోయింది. ఆయన కిటికీ వెంట రెండడుగులు పరిగెత్తి, హిందీలో కేకేశారు:

"పెన్ను ఉంచుకోండి! సంతకం పెట్టే ముందు మొత్తం చదవండి!"