తలుపు వెనక రిటర్న్ డేట్

మా ఇంటికి రంగు వేసి పాడుచేసిన ఇద్దరినీ నేను ఇప్పటికీ మరచిపోలేదు. మొదటివాడు స్విచ్‌బోర్డుల మీద కూడా బ్రష్షు లాగేసి, అడిగితే "తుడిస్తే పోతాది" అన్నాడు. పోలేదు. రెండోవాడు పడకగదిలో చెమ్మ పట్టిన గోడకి మూడు రోజుల్లో పుట్టీ, రంగు అన్నీ ముగించి వెళ్ళాడు. తొలి వానకే పెచ్చులు లేచాయి. ఫోన్ చేస్తే, "మీ గోడే మంచిది కాదు అంకుల్" అన్నాడు. ఆ మాట పట్టుకుని, ట్రాఫిక్ అని పిలిచే మా రైల్వే పేటలో నేను కూచునే ప్రతి టీ కొట్టులోనూ వాడి పని గురించి చెప్పాను. నన్ను చూస్తే సైకిల్ తిప్పుకుని వేరే సందులోంచి పోయేవాడు. అదీ తక్కువే అనిపించేది నాకు.

ఆ గోడ పక్కనే మా మంచం. బూజు నల్లగా పాకుతున్న కొద్దీ మా ఆవిడకి దగ్గు ఎక్కువైంది. పడుకుంటే ఊపిరందేది కాదు. డాక్టరు మందులు రాసి, "ముందు గోడ సంగతి చూడండి, లేదా ఈవిణ్ణి ఆ ఇంట్లో ఉంచకండి" అన్నాడు. ఆవిడ రెండు చీరలు సంచీలో పెట్టుకుని ఊళ్ళోనే నింపురాలో వాళ్ళ చెల్లెలి రైల్వే క్వార్టర్‌కి వెళ్ళిపోయింది.

"గోడ ఆరినాక కబురెట్టండి. పైపైన రంగేయించి పిలిస్తే మాత్రం రాను" అంది గుమ్మం దగ్గర.

ముప్పైయేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి అలా అంటే ఎవరికైనా కష్టమే.

మూడో పెయింటర్ని చూపించింది టీ కొట్టు బెంగాలీ ముసలాయన. నా గొడవ వినీ వినీ విసిగిపోయినట్టున్నాడు. "దాదా, ఆ మనిషిని పిలు. నీకు తిట్టడానికేమీ దొరకదు" అన్నాడు. చూద్దాం అనుకున్నాను.

వచ్చినవాడికి నలభై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న మా రైల్వే వర్క్‌షాప్‌లోనే, వ్యాగన్లకి రంగులేసే పెయింట్ షాప్‌లో పనిచేసినాయన. నేను వ్యాగన్ ఫిట్టర్‌ని కాబట్టి ముఖపరిచయం ఉండేది. కొడుకు నా ముందు రంగుల కార్డు తెరవలేదు, ఏ రంగు కావాలని అడగలేదు. ముందు ఇంటి వెనక్కి వెళ్ళి, డాబా నీళ్ళు దిగే గొట్టం విరిగి నీరంతా గోడ మీదకే కారుతోందని చూపించాడు. ఆ గొట్టం మూడేళ్ళుగా అలాగే ఉంది. నేను చూశాను, పట్టించుకోలేదు. తర్వాత లోపలికొచ్చి మోకాళ్ళ మీద కూచుని గోడని ఒక మూల గీకడం మొదలుపెట్టాడు. పైన రెండోవాడి రంగు, దానికింద మొదటివాడిది. ఇంకా గీకితే బూడిదరంగు ఎనామెల్, గట్టిగా, మెరుస్తూ బయటపడింది.

అతను గీకడం ఆపాడు. వేలితో దాన్ని తట్టి నా వైపు చూశాడు.

"బాబాయ్, ఇది గోడకేసే రంగు కాదు. మా నాన్న సేతులకి అంటుకుని ఇంటికొచ్చీది ఈ రంగు."

గృహప్రవేశానికి ముందు గోల్‌బజార్‌లో ఆ ఎనామెల్ డబ్బాలు కొని, నా చేత్తో నేనే వేశాను. వ్యాగన్ మీద ఎండకీ వానకీ ఏళ్ళతరబడి నిలిచే రంగు ఇంటిగోడకి నిలవదా అనుకున్నాను. నాలా ఆలోచించి అదే పని చేసినవాళ్ళు మా షాప్‌లో ఇంకా ఉన్నారు. ఇనుము వేరు, ఇటుక వేరు అని మాకు తోచలేదు. గోడలోకి దిగిన తడి బయటికి రాకుండా లోపలే బిగించేసింది ఆ రంగు. దాని మీద ఎవరు ఏమి వేసినా నిలవదు. రెండోవాడు గోడే మంచిది కాదన్నది నిజమే. కానీ ఎందుకు మంచిది కాదో వాడు గీకి చూడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది. పెయింటర్ వచ్చాడనగానే ఫోన్ అతనికే ఇమ్మంది.

"తప్పెక్కడుంది బాబూ?"

"గొట్టం ఇరిగిపోనాది పిన్నీ. కింద పాత రంగొకటి ఉంది, అది గోడకి పడలేదు. తీసేస్తాను."

పాత రంగు. అంతే అన్నాడు. ఫోన్ తిరిగిస్తూ నా మొహం వైపు కూడా చూడలేదు.

ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని గోడని ఇటుక కనబడేదాకా గీకించాడు. స్విచ్‌బోర్డులు విప్పి గుడ్డలో చుట్టి, ఏ బోర్డు ఎక్కడిదో సుద్దతో రాసిపెట్టాడు. పనైన ప్రతి సాయంత్రం గది తడిగుడ్డతో తుడిపించేవాడు. పొద్దున రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ముందే ఫోన్ చేసేవాడు. తప్పు పట్టుకుందామని నేను కుర్చీ వేసుకుని కూచునేవాణ్ణి. ఊరికే కూచోవడమే అయింది.

గొట్టం మార్చి, కొత్త సిమెంటు పూత పెట్టాక పని ఆపేశాడు. పుస్తకమంత పాలిథిన్ ముక్క గోడకి అంటించి, నాలుగంచులూ టేపుతో మూశాడు. మర్నాడు చూస్తే కవరు లోపలివైపు సన్నటి నీటి చుక్కలు.

"తడి ఇంకా ఉంది బాబాయ్. నాను రంగు ఎయ్యను."

వారం తర్వాత మళ్ళీ అంటించాడు. మళ్ళీ చుక్కలు. నేను గట్టిగానే అరిచాను. ఇంట్లో మనిషి లేక నానా అవస్థ పడుతుంటే, పనివాడు నాకు నియమాలు చెప్పడమేమిటి? "మా ఆవిణ్ణి ఎప్పుడు తెచ్చుకోమంటావు?" అన్నాను.

"తిట్టు బాబాయ్, పర్లేదు. తడి మీద రంగేస్తే పిన్ని మళ్ళీ నింపురా ఎల్లిపోద్ది. అప్పుడు నన్నేటి, నా బాబుని కూడా తిడతావు."

ఆ మాట నాకు మంటెక్కించింది. మర్నాడు టీ కొట్టులో అతను ఒట్టి బద్ధకస్తుడని చెప్పాను. బెంగాలీ ముసలాయన నవ్వాడు.

నాలుగోసారి కవరు పొడిగా వచ్చింది. అప్పుడు వేశాడు రంగు, తెల్లగా, మెరుపులేకుండా. చివర్లో తలుపు వెనక, కింది మూలన స్టెన్సిల్ పెట్టి రెండు తేదీలు అచ్చువేశాడు. మా షాప్‌లో రిపేరైన ప్రతి వ్యాగన్ మీదా అలాగే వేస్తారు. పని ముగిసిన తేదీ ఒకటి, మళ్ళీ చూపించడానికి తేవలసిన రిటర్న్ డేట్ ఒకటి. మా గోడ రిటర్న్ డేట్ వానలు వెళ్ళాక పడింది.

"ఆ రోజుకి నువ్వు పిలవక్కర్లేదు. నానే వస్తాను" అన్నాడు.

మా ఆవిడ వచ్చింది. గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. సంచీ మాత్రం వారం దాకా విప్పలేదు. వానలు పడినన్నాళ్ళూ నేను రోజూ ఆ గోడని తడిమి చూశాను. ఆవిడ నిద్రలో దగ్గుతుందేమోనని చెవి అటే వేసి పడుకునేవాణ్ణి. రంగు లేవలేదు. దగ్గు రాలేదు.

రిటర్న్ డేట్ నాడు జోరుగా వాన, అకాలంలో. రాడనుకున్నాను. టీ కొట్టులో చెప్పడానికి ఒక మాట దొరికిందని కూడా అనుకున్నాను. తొమ్మిదింటికల్లా గొడుగు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గోడంతా తట్టి చూసి, పాలిథిన్ అంటించబోతుంటే మా ఆవిడ టీ తెచ్చింది.

"ముందొచ్చినోళ్ళు ఇలా చేసుంటే నాకీ తిప్పలుండేవా బాబూ?"

అతను టీ ఊదుకుంటూ తాగాడు. ఇంత చేసినవాడి ఎదుట ఆ మాట అలా వదిలేయడం నావల్ల కాలేదు.

"మొదటి తప్పు వాళ్ళది కాదు. అడుగున ఉన్న వ్యాగన్ రంగు వేసింది నేను" అన్నాను.

మా ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"నాకు తెలీదేటి? మీరు వేస్తుంటే నిచ్చెన పట్టుకున్నది ఎవరు?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీకు సెప్తే వింటారేటి?"

అతను గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. పాలిథిన్ అంటించి వెళ్ళి, మర్నాడు అది పొడిగా ఉందని చూశాక, తలుపు వెనక పాత తేదీ మీద రంగు పూసి, కొత్త రిటర్న్ డేట్ అచ్చువేశాడు. చివరి అంకె కాస్త వంకరగా పడింది. చెప్పాను. చెరిపి మళ్ళీ వేశాడు.