సేటమ్మ టీవీకి నూనె పట్టించిన వైనం

చెయ్యి జారిందని అందరికీ చెప్పాను. జారలేదు. ఈ ముక్క నా డైరీకి కూడా చెప్పలేదు. ఉప్పుగూడలో మా గల్లీ మొత్తానికి ఒక ఆదివారం సినిమా దక్కకపోవడానికి కారణం నా చెయ్యి కాదు, నా ఆశ.

అప్పుడే ఇంటర్ అయిపోయింది. డిగ్రీలో చేరతానంటే, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరైన మా నాన్న, బాపు, ఒక్క మాటన్నాడు: "గన్ని పుస్తకాలు సదువుతవ్. అండ్ల ఒక్కటన్న చేసి చూపియ్, చేర్పిస్త."

నలుగురి ముందు నోరు విప్పాలంటే నాకు చెమటలు. అయినా లైబ్రరీలో చదివిన సంగతి ఒకటుంది. పిండి కలిపిన నూనె గట్టి విద్యుత్ క్షేత్రంలో చిక్కబడుతుందట, క్షేత్రం పోతే మళ్లీ పలచబడుతుందట. కార్న్‌ఫ్లోర్, పల్లినూనె వంటింట్లో ఉన్నాయి. మరి విద్యుత్తు? గల్లీకంతటికీ ఒకే టీవీ, కిరాణాకొట్టు సేటమ్మ ఇంట్లో. అది ఆన్ చేస్తే చాలు, గాజు దగ్గర నా చేతి వెంట్రుకలు హెడ్మాస్టరును చూసిన పిల్లల్లా లేచి నిలబడేవి. ఇంకేం కావాలి!

సినిమాకు ముందు ఒక్క నిమిషం చాలని సేటమ్మను బతిమాలాను. తీరా చూస్తే గల్లీ అంతా అప్పటికే చాపల మీద సర్దుకుంది. ముందు వరసలో బాపు.

"గరిటెల ఏందే?" అంది సేటమ్మ.

"నూనె, సేటమ్మా. గట్టిపడ్తది."

"టీవీల బజ్జీలేస్తవా ఏంది?"

అందరూ గొల్లుమన్నారు. కింద గిన్నె పెట్టి, గాజుకు జానెడు దూరంలో గరిటె వంచాను. సన్నటి ధార గాజు వైపు వంగింది! వంగి చిక్కబడింది! ఇంకాస్త దగ్గరైతే ఇంకెంత చిక్కబడుతుందో? చెప్పానుగా, ఆశ. గరిటె కొంచెం ముందుకు జరిపాను. తప్పిపోయిన పిల్ల తల్లిని చూసినట్టు, ధారంతా ఒక్క ఉదుటున వెళ్లి గాజును కరుచుకుంది.

సరిగ్గా అప్పుడే సినిమా మొదలైంది. హీరో మొహం నిండా పిండి. కంగారులో ఓణీ కొంగుతో తుడిచాను. అప్పటిదాకా హీరోకే పరిమితమైన పిండి, గుర్రానికి కూడా అంటుకుంది.

"అరే, హీరో గాయబ్!"

"గుర్రం యాడ పోయిందిరా?"

"జర పక్కకు జరుగవే తల్లీ!"

సేటమ్మ వచ్చి టీవీ ఆపేసింది. గాజు మీది ముద్ద మెల్లగా పలచనై, టీవీ కింద ఆమె అల్లి పరిచిన లేసుగుడ్డ మీదికి పారింది.

"చూసినవా బాపూ, మల్ల పలచనైంది!" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నేను అరిచింది అదే మొదటిసారి. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

టీవీ ఉన్న గదిలోకి ఈ జన్మలో గరిటెతో అడుగుపెట్టనని సేటమ్మ ఇంటి దేవుడి పటం ముందు ఒట్టేశాను. సేటమ్మకు నమ్మకం కలగక రెండోసారి కూడా వేయించింది.

 మా ఇంటి గడప దగ్గర బాపు ఆగాడు.

"రేపే పోయి కాలేజీల చేరు బిడ్డా. గిసొంటివి ఆడ చేస్తె సదువంటరు, ఈడ చేస్తె లొల్లయితది."