ధారూర్ రైల్లో మా తలకిందుల భాష

ఆ రోజుల్లో కాలేజీకి వెళ్లే ఆడపిల్లలకు రహస్యాలకేం కొదవ లేదు, వాటిని చెప్పుకునే చోటే దొరికేది కాదు. నేను తాండూరులో ప్యాసింజర్ ఎక్కి చున్నీ పరిచి సీటు ఆపితే, మా మేనమామ కూతురు ధారూర్‌లో ఎక్కేది (నాకంటే పెద్దది కనుక వదిన). వికారాబాద్ వచ్చేదాకా చుట్టూ తెలిసిన ముఖాలే. అందుకని సొంతంగా ఓ భాష చేసుకున్నాం. అందులో క్రియ ముందు, మనిషి చివర. చదువు పేరు కంది, పెళ్లి పేరు బండ. (వ్యాకరణమంతా నాదే. కొన్నాళ్లు కాళ్లు నేల మీద ఆనలేదు.)

అంతలో వదినకు తాండూరు సంబంధం వచ్చింది. అబ్బాయికి నాపరాళ్లు నునుపు చేసే కార్ఖానా ఉంది కనుక అతనికి పాలిష్ అని పేరు పెట్టాం. పెళ్లి చేసి డిగ్రీ మధ్యలో ఆపేస్తారేమోనని వదినకు బెంగ, మామ ముందు నోరు విప్పాలంటే భయం. నేను కార్ఖానాకు వెళ్లి అబ్బాయిని చూసొచ్చి, మర్నాడు రైల్లో గొంతెత్తి చెప్పాను. "తాగుతడు జుర్రుమని సాసర్ల చాయ్ పాలిష్." రోజూ ఎదురు సీట్లో కూర్చునే పెద్దామె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

పెళ్లిచూపులకు అబ్బాయి తల్లిగా వచ్చింది ఆ పెద్దామే. వదిన చాయ్ ట్రే ఆమె ముందు పెట్టింది. ఆమె చాయ్ అందుకుని మా వంక చూసి, "మానుతడు జుర్రుమనుడు పాలిష్" అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. "చెప్పు, కావాలె ఏంది నీకు?" అని వదినను అడిగింది. వదిన తల వంచుకునే, "కావాలె ముందు కంది, ఎన్క బండ, నాకు" అంది. జీవితంలో మొదటిసారి తండ్రి ఎదుట తన మనసులో మాట చెప్పింది.

మామ కంగారుపడి, "కంది గీసారి మంచిగనే పండిందమ్మా, ఇంట్ల బండలు గూడ ఏపిస్తం" అన్నాడు. ఆమె నవ్వలేదు. "పెండ్లి పరీక్షలయినంకనే అన్నా. పిల్ల సదువు ఆపొద్దు. గిది నా మాట" అంది. మామ కాదనలేకపోయాడు.

తర్వాత చాటుగా, ఎట్ల నేర్చుకున్నవ్ పెద్దమ్మా అని అడిగాను. "ఇంట్ల కన్నడం, బజార్ల ఉర్దూ, మీతోని తెలుగు. ఇంకోటి ఎంత పని బిడ్డా? మీరు రోజు ఒర్లుకుంట నేర్పితిరి గద" అంది. తాండూరు జనం ముందు భాష చాటున దాక్కోబోయిన నా తెలివికి నాకే సిగ్గేసింది.

ఇప్పుడు వదిన టీచరు. అత్తాకోడళ్లు ఇంట్లో ఆ భాషలోనే ముచ్చట్లు పెడతారు, ముఖ్యంగా పాలిష్ మీద. మొన్న వెళితే నాకు సగం అర్థం కాలేదు. చివరి మనిషిని మధ్యలోకి జరిపారట, కొత్త పేర్లు కలిపారట. అదేందని అడిగితే, "నీకు తెల్వొద్దనే మార్చినం" అంది పెద్దమ్మ. ఏం చేస్తాను? రైల్లో చున్నీ పరిచి మా వదిన కోసం ఎదురుచూసిన ఆ పిల్లను తలచుకుని, చాయ్ సాసర్లో పోసుకుని జుర్రుమని తాగాను.